డీకోడర్ థ్రెడ్లు 16కు పెంచితే టైమ్‌లైన్ ఇంకా మొరాయిస్తోంది, ఎందుకు?

విజయవాడ, గుంటూరు పెళ్లి వీడియో స్టూడియోల కోసం సి++, క్యూటీ, ఎఫ్ఎఫ్ఎంపెగ్ (వీడియో చదివి రాసే లైబ్రరీ)తో ఎడిటర్ రాస్తున్నామన్నారు. నాలుగు కెమెరాల 4కె హెచ్.264 క్లిప్పులు పెట్టి ప్లేహెడ్ (టైమ్‌లైన్‌లో ఎక్కడున్నామో చూపే గీత) లాగితే ఆగి ఆగి వస్తోందని, 8 కోర్ల మిషన్ మీద ఒక్కో డీకోడర్‌కు (కుదించిన వీడియోను విప్పే భాగానికి) 16 థ్రెడ్లు, అంటే సమాంతరంగా నడిచే పని వరసలు, ఇచ్చాక పరిస్థితి ఇంకా దిగజారిందని రాశారు. మౌస్ కదిలిన ప్రతిసారీ ఫ్రేమ్ కోసం రిక్వెస్ట్ క్యూలో వేస్తున్నామని, రంగుల మార్పిడి సీపీయూలోనే చేస్తున్నామని కూడా చెప్పారు.

ఆ పెంచడమే కారణం. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో హెచ్.264 డీకోడర్‌కు ఎక్కువ థ్రెడ్లు ఇస్తే సాధారణంగా ఫ్రేమ్ థ్రెడింగ్‌తో నడుస్తుంది, అంటే ఒక్కో థ్రెడ్ ఒక్కో ఫ్రేమ్ పట్టుకుంటుంది. 16 థ్రెడ్లుంటే మొదటి ఫ్రేమ్ చేతికి రావడానికి అదనంగా 15 ప్యాకెట్లు (ఇంకా విప్పని ఫ్రేములు) లోపలికి వెళ్లాలి. ప్లేబ్యాక్‌లో ఈ ఆలస్యం కనబడదు. ప్లేహెడ్ లాగినప్పుడు మాత్రం ప్రతి సీక్‌కూ (ఫైల్‌లో వేరే చోటికి దూకినప్పుడల్లా) బఫర్లు ఫ్లష్ చేస్తారు, అంటే ఖాళీ చేస్తారు కాబట్టి, లోపల సగం అయిన పనంతా పోయి మళ్లీ మొదటి నుంచి నింపాల్సి వస్తుంది. పైగా నాలుగు క్లిప్పులకు 64 థ్రెడ్లు 8 కోర్ల కోసం పోటీ పడతాయి. 8 బిట్ 4:2:0 (రంగు వివరాన్ని తగ్గించి దాచే మామూలు పద్ధతి) లో 4కె ఫ్రేమ్ ఒక్కటే సుమారు 12.4 మెగాబైట్లు. థ్రెడ్‌కు ఒకటి చొప్పున లెక్కేసినా 800 మెగాబైట్ల దాకా డీకోడర్లే ఆక్రమిస్తాయి.

ప్రివ్యూకు క్లిప్పుకు 2 థ్రెడ్లతో మొదలుపెట్టండి, చాలకపోతే 4 దాకా వెళ్లండి. ఎక్స్‌పోర్ట్‌కు వేరే డీకోడర్ తెరిచి అక్కడ ధారాళంగా ఇవ్వండి, అక్కడ ఆలస్యంతో పనిలేదు. స్లైస్ థ్రెడింగ్ (ఒకే ఫ్రేమ్‌లోని ముక్కలను థ్రెడ్లకు పంచడం) ఆలస్యం పెంచదు గానీ, ఫ్రేమ్ మొత్తం ఒకే స్లైస్‌గా రాసిన ఫైల్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అసలు జబ్బు మీ రిక్వెస్ట్ క్యూలో ఉంది. మౌస్ కదిలిన ప్రతిసారీ 'ఈ ఫ్రేమ్ కావాలి' అని క్యూలో పడేస్తున్నారు. చెయ్యి ఆగిపోయినా పాత రిక్వెస్టులన్నీ వరసగా డీకోడ్ అవుతూనే ఉంటాయి. ఎడిటర్‌కు కావాల్సింది చివరి స్థానం ఒక్కటే. క్యూ తీసేసి ఒక్క గడి ఉంచండి, కొత్త రిక్వెస్ట్ పాతదాని మీద రాసేయాలి. దానితోపాటు ఒక అటామిక్ (థ్రెడ్లన్నీ భద్రంగా పంచుకోగల) సీరియల్ నంబర్ పెంచండి. డీకోడ్ థ్రెడ్ ప్రతి ఫ్రేమ్ తర్వాత ఆ నంబర్ చూసుకోవాలి, మారితే చేతిలో ఉన్నది వదిలేసి కొత్తదానికి పోవాలి.

కొత్త రిక్వెస్ట్ వచ్చినా వెంటనే సీక్ చేయొద్దు. కొత్త స్థానం ఇప్పుడున్న చోటి కన్నా కొంచెం తర్వాతే ఉండి, మధ్యలో ఇంకో కీఫ్రేమ్ (వేరే ఫ్రేముల మీద ఆధారపడకుండా విప్పగలిగే ఫ్రేమ్) లేకపోతే అలాగే డీకోడ్ చేసుకుంటూ పోవడమే చవక. సీక్ చేయాల్సి వస్తే బ్యాక్‌వర్డ్ ఫ్లాగ్ (వెనకున్న కీఫ్రేమ్ దగ్గరే దిగమనే సూచన) తప్పనిసరి, అది లేకపోతే కావాల్సిన ఫ్రేమ్ దాటి దిగుతారు. దారిలో రిఫరెన్స్ కాని (వేరే ఫ్రేములకు ఆధారం కాని) ఫ్రేములను డీకోడర్ చేతే దాటించవచ్చు. అయితే అడిగిన ఫ్రేమ్ ప్యాకెట్ పంపేముందు ఆ సెట్టింగ్ తీసేయండి, మరిచిపోతే అదే ఎగిరిపోతుంది. హెచ్.264 ఫైళ్లు తయారుచేసే ఎక్స్264 డిఫాల్ట్‌లో కీఫ్రేముల మధ్య 250 ఫ్రేముల దాకా ఉండొచ్చు, సెకనుకు 25 ఫ్రేముల (25 ఎఫ్‌పీఎస్) దగ్గర అది 10 సెకన్లు. అలాంటి ఫైళ్లకు ఏ థ్రెడింగూ సరిపోదు, 720 లైన్ల ఆల్-ఇంట్రా ప్రాక్సీ (ప్రతి ఫ్రేమూ కీఫ్రేమే అయిన చిన్న నకలు) చేయాల్సిందే.

రంగుల మార్పిడి సీపీయూలో చేస్తున్నారు, అదీ భారమే. తెరకు పంపే ఆర్‌జీబీఏ రూపంలో ఫ్రేమ్ 33 మెగాబైట్లు. నాలుగు కెమెరాలు, 25 ఎఫ్‌పీఎస్ అంటే ఒక్కసారి చదవడానికే సెకనుకు 3.3 గిగాబైట్లు, రాయడానికి మళ్లీ అంత. నాలుగైదు ఎఫెక్టులు వేస్తే ర్యామ్ దారే ఇరుకైపోతుంది, కోర్లు ఖాళీగా ఎదురుచూస్తాయి. డీకోడర్ ఇచ్చే వైయూవీ ఫ్రేమ్‌ను అలాగే జీపీయూకు పంపి షేడర్‌లో (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్‌లో) మార్చండి.

డీకోడ్ అయిన ఫ్రేముల క్యూకు హద్దు పెట్టండి. క్లిప్పుకు 4 నుంచి 8 ఫ్రేములు చాలు, బఫర్లు పూల్ నుంచి తిరిగి వాడండి. హద్దు పెట్టగానే ఇంకో చిక్కు వస్తుంది: ప్రాజెక్ట్ మూసేటప్పుడు ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది. డీకోడర్ నిండిన క్యూ దగ్గర నిలబడి ఉంటుంది, యూఐ థ్రెడ్ జాయిన్‌లో (ఆ థ్రెడ్ ముగిసేదాకా ఆగే పిలుపులో) దానికోసం నిలబడుతుంది. స్టాప్ ఫ్లాగ్‌ను మ్యూటెక్స్ (ఒకసారికి ఒక థ్రెడ్‌నే రానిచ్చే తాళం) పట్టుకునే మార్చి, క్యూ నిండినప్పుడు, ఖాళీ అయినప్పుడు థ్రెడ్లు ఆగే రెండు కండిషన్ వేరియబుళ్లకూ నోటిఫై ఆల్ (అందరూ లేవమనే పిలుపు) ఇచ్చి, ఆ తర్వాతే జాయిన్ చేయండి. మ్యూటెక్స్ లేకుండా మారిస్తే ఎప్పుడో ఒకసారి ఆ పిలుపు అందదు, అలాంటి బగ్ పట్టుకోవడం నరకం.

డిస్క్ మాట కూడా చెప్పాలి. ఇక్కడి స్టూడియోల్లో ఫుటేజీ తరచూ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో వస్తుంది. 100 మెగాబిట్ల క్లిప్పులు నాలుగైనా సెకనుకు 50 మెగాబైట్లే, వరసగా చదివితే డిస్క్ మోయగలదు. నాలుగు థ్రెడ్లు తలా కొంచెం చదివితే హెడ్ అటూ ఇటూ పరుగెత్తి వేగం కుప్పకూలుతుంది. డిస్క్‌కు ఒకే రీడ్ థ్రెడ్ పెట్టి, ఒక్కో ఫైల్ నుంచి 4 మెగాబైట్ల చొప్పున ముందే చదివించండి.

మార్పులు ఒక్కొక్కటిగా చేసి ట్రేసీ ప్రొఫైలర్‌లో చూడండి, ఏ లాక్ దగ్గర ఎంతసేపు ఆగుతోందో కనిపిస్తుంది. 25 ఎఫ్‌పీఎస్‌కు ఫ్రేమ్‌కు 40 మిల్లీసెకన్లే ఉన్నాయి కాబట్టి సగటు చూడకండి, అన్నిటికన్నా ఆలస్యమైన ఫ్రేములు చూడండి. మే నెల బెజవాడ ఎండలో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి క్లాక్ తగ్గించేసుకుంటుంది, 20 నిమిషాలు నడిపాక వచ్చే అంకెలే మీ కస్టమర్ చూసేవి. ముందు ఎఫ్ఎఫ్‌ప్రోబ్ (ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో వచ్చే ఫైల్ పరిశీలన టూల్)తో మీ క్లిప్పుల్లో కీఫ్రేముల మధ్య దూరం చూసి ఇక్కడ పెట్టండి, ప్రాక్సీ అవసరమో కాదో అప్పుడు చెప్పగలను.