పిల్లలతో, పెద్దలతో ఆల్ప్స్ యాత్ర: ఏ ఊరు మేలు?

ప్రశ్న: మేము మ్యూనిక్‌లో ఉంటాము. పిల్లలకు ఐదేళ్లు, తొమ్మిదేళ్లు. వచ్చే ఫాషింగ్ (చలికాలం చివర్లో వచ్చే కార్నివాల్ పండుగ) సెలవుల్లో ఆస్ట్రియా వెళ్లి స్కీయింగ్ నేర్చుకోవాలని మా కోరిక. ఇప్పటివరకు మాలో ఎవరికీ రాదు. ఆ రోజుల్లో విజయవాడ నుంచి మా అత్తగారు, మామగారు కూడా వచ్చి మాతోనే ఉంటారు. ఇద్దరూ శాకాహారులు, పైగా మామగారికి మోకాళ్ల నొప్పులు. తెలిసినవారంతా సాంక్ట్ ఆంటన్‌కు వెళ్లమంటున్నారు. అది మాకు అనువైనదేనా?
– ఒక పాఠకురాలు, మ్యూనిక్

జవాబు: సాంక్ట్ ఆంటన్ పేరుప్రతిష్ఠలున్న ఊరన్నది నిజమే. 1901లోనే ఆర్ల్‌బెర్గ్ స్కీ క్లబ్ పుట్టిన ప్రాంతమది. అయితే ఆ పేరు ఆరితేరినవారి వల్ల వచ్చింది. తేలికైనవని నీలం గుర్తు పెట్టిన వాలుల్లో సైతం కొన్ని కొత్తవారికి గుండె దడ పుట్టిస్తాయి. ఇప్పుడు మీకు ఆ ఊరు వద్దనే నా సలహా.

ప్రకటనల్లో ముందుగా కనిపించేది మొత్తం వాలుల పొడవు. మొదటిసారి నేర్చుకునేవారికి ఆ అంకెతో పని లేదు, ఎందుకంటే వారంలో ఎక్కువ భాగం మీరు, పిల్లలు ఒక చిన్న మైదానంలోనే, మ్యాజిక్ కార్పెట్ అని పిలిచే కదిలే పట్టీ మీద పైకి వెళుతూ, కిందికి జారుతూ గడుపుతారు. మీరు చూడవలసింది బస నుంచి స్కీ బడికి ఎంత దూరమన్నది. చీలమండ వంగనివ్వని గట్టి బూట్లలో ఐదేళ్ల పిల్ల మంచు మీద పది అడుగులు వేసి ఏడుపు అందుకుంటుంది. దాని స్కీలు, మీ స్కీలు మీ భుజం మీదే ఉంటాయి. పొద్దున్న తొమ్మిదింటికి ఇలా అరకిలోమీటరు నడిచారంటే పాఠం మొదలుకాకముందే సగం ఓపిక హరించుకుపోతుంది.

ఈ లెక్కన ఆస్ట్రియాలోని తిరోల్ రాష్ట్రంలో ఉన్న జెర్‌ఫౌస్ మీకు బాగా నప్పుతుంది. 1,429 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పల్లెలో అతిథుల కార్లు వీధుల్లో తిరగవు. ఊరి మొదట్లోని పార్కింగ్ నుంచి లిఫ్టుల దాకా 1985 నుంచి ఉచితంగా భూగర్భ రైలు నడుస్తోంది. ఇంత చిన్న ఊరికి మెట్రో ఏమిటని మామగారు ఆశ్చర్యపోవడం ఖాయం, కానీ ఆయన మోకాళ్లకు మాత్రం అదే వరం. పిల్లల శిక్షణ మైదానం కొండ పైన కోంపర్‌డెల్ వద్ద ఉంది. స్కీయింగ్ చేయనివారు కూడా కేబుల్ కారులో అక్కడికి చేరి, ఎండలో కూర్చుని మనవల విన్యాసాలు చూడవచ్చు. స్విట్జర్లాండ్‌లోని కార్లు లేని వెంగెన్ దీనికన్నా అందమైనదే గాని, మీకు దూరం, ఖర్చు రెండూ ఎక్కువ.

జెర్‌ఫౌస్ కూడా చవకేమీ కాదు. ఫాషింగ్ వారంలో రద్దీ విపరీతంగా ఉంటుంది కనుక బసతో పాటు స్కీ బడిలో స్థానాలను కూడా ముందే ఖాయం చేసుకోండి. బసలు సాధారణంగా శనివారం నుంచి శనివారానికి ఇస్తారు, అందువల్ల ఆ రోజు మీరు వెళ్లే ఫెర్న్‌పాస్ కనుమ దారిలో వాహనాలు బారులు తీరుతాయి. తెల్లవారుజామునే బయలుదేరడం మంచిది.

హోటల్ కన్నా వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి. కేసెష్‌పెట్స్‌లే (చీజ్ కలిపిన నూడుల్స్ లాంటిది), కైజర్‌ష్మార్న్ (ముక్కలు చేసిన తీపి అట్టు) వంటివి మాంసం లేని వంటకాలే గాని, కూరగాయల సూప్ అని రాసి ఉన్నదానికి సైతం మాంసం రసమే ఆధారమై ఉండవచ్చు. క్నోడెల్ ఉండల్లో పంది మాంసపు ముక్కలు కలిపే రకం ఉంది. అడగనిదే ఏదీ పెద్దలకు పెట్టవద్దు. కుక్కరూ, ఒక సీసా ఆవకాయా వెంట ఉంటే అత్తగారికి బెంగ ఉండదు.

స్కీలు, బూట్లు, హెల్మెట్లు అద్దెకు తీసుకోండి, ఎదిగే పిల్లలకు కొనడం దండగ. బూటు లోపల పొడవాటి సన్న మేజోడు ఒక్కటే వేయాలి. చలికి భయపడి రెండు తొడిగితే ముడతలు పడి పిక్కలు ఒరుసుకుపోతాయి. జీన్స్ తడిసి బిగుసుకుపోతాయి కనుక వాటిని ఇంట్లోనే వదిలేయండి.

మీ బీమా కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దించే ఖర్చును భరిస్తుందో లేదో కనుక్కోండి. పెద్దల షెంగెన్ వీసాకు తీసుకున్న పాలసీలో మంచు మీద జారిపడితే ఏం వర్తిస్తుందో కూడా చదివి చూడండి. వారి పాస్‌పోర్టులు తప్పక దగ్గర ఉంచుకోండి, తిరుగు ప్రయాణంలో జర్మనీ సరిహద్దు వద్ద తనిఖీ జరగవచ్చు.