వెనక్కి వంగితే నడుము పట్టేస్తోంది

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 54. ఇంటి ముందే టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. తెల్లవారుజామున పెనం ముందు నిలబడితే పది గంటల దాకా కూర్చునే వీలుండదు. ఏడాదిగా నడుము కింది భాగంలో కుడివైపు నొప్పి. దోసె తీసి పక్కకు తిరిగి ప్లేటులో వేసేటప్పుడు, పై అరలో డబ్బా అందుకోబోయి వెనక్కి వంగినప్పుడు కలుక్కుమంటుంది. తొడ వెనక దాకా లాగుతుంది గానీ మోకాలి కిందికి దిగదు. ఎమ్మారై రిపోర్టులో ‘ఫాసెట్ ఆర్థ్రోపతి’ అని రాశారు. ఇంజెక్షన్ ఇచ్చి చూసి, తరువాత నరాన్ని కాల్చాలంటున్నారు. వెన్నులో సూది వేయించుకుంటే కాళ్లు పడిపోతాయని మా ఆడపడుచు భయపెడుతోంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ రిపోర్టు కంటే మీ ఉత్తరమే నాకు ఎక్కువ చెప్పింది. ఒక పూసకూ దాని కింది పూసకూ మధ్య ముందువైపు డిస్కు, వెనకవైపు కుడి ఎడమల రెండు చిన్న కీళ్లు ఉంటాయి; ముక్కాలి పీట మూడు కాళ్ల మీద నిలిచినట్టు వెన్ను బరువు ఈ మూడింటి మీదా పడుతుంది. ఆ వెనక కీళ్లనే ఫాసెట్ కీళ్లు అంటారు; వాటి అరుగుదలే మీ రిపోర్టులోని ‘ఫాసెట్ ఆర్థ్రోపతి’. మోకాలిలో ఉన్నట్టే వీటిలోనూ నున్నని మృదులాస్థి, జిగురు ద్రవం, చుట్టూ పొర ఉంటాయి. ముందుకు వంగితే ఇవి తెరుచుకుంటాయి, వెనక్కి వంగినా నడుము మెలితిప్పినా ఒకదానికొకటి ఒత్తుకుంటాయి. మీకు సరిగ్గా ఆ కదలికల దగ్గరే నొప్పి వస్తోంది కనుక, అది మోకాలు దాటడం లేదు కనుక, ఈ కీళ్లను అనుమానించడం సబబే.

అయితే ఇది అనుమానమే, నిర్ధారణ కాదు. నొప్పి అన్నది ఎరుగని వాళ్లకు కూడా యాభై దాటాక ఎమ్మారై తీస్తే ఇదే మాట కనిపించవచ్చు. ‘పూసలు అరిగిపోయాయి’ అని ఎవరైనా అనగానే మనిషి మంచం దిగడానికి భయపడటం నేను చాలాసార్లు చూశాను. ఆ మాట చేసే చెరుపు ఒక్కోసారి అరుగుదల కంటే ఎక్కువ.

ముందుగా చేయవలసినవి మీ దుకాణంలోనే ఉన్నాయి. ప్లేట్లను పెనం పక్కన కాక ఎదురుగా పెట్టుకోండి. తిరగక తప్పనప్పుడు నడుము మెలితిప్పకుండా పాదాలతో సహా తిరగండి. ఒక చిన్న పీట మీద కాసేపు ఒక కాలు, కాసేపు మరో కాలు పెట్టి నిలబడితే నడుము వంపు తగ్గి కీళ్ల మీద ఒత్తిడి సడలుతుంది. పై అరలోని డబ్బాలను ఛాతీ ఎత్తుకు దించండి. రోజూ నడక, వెల్లకిలా పడుకుని మోకాళ్లను ఒక్కొక్కటిగా ఛాతీకి తెచ్చుకోవడం, పొట్ట, పిరుదుల కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని, కనీసం రెండు మూడు నెలలు వదలకుండా చేయాలి. నొప్పి మాత్రలు కొద్ది రోజులకే, అదీ బీపీ, కిడ్నీ, కడుపులో పుండ్ల సంగతి డాక్టరుకు చెప్పిన తరువాతే. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండానే కారిపోవడం, మలమూత్ర ద్వారాల చుట్టూ తిమ్మిరి, కాలు బలహీనపడటం వంటివి కనిపిస్తే మాత్రం ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఇంజెక్షన్ సంగతి. ప్రతి కీలుకూ రెండు సన్నని నరపు కొమ్మల నుంచి స్పర్శ అందుతుంది. ఎక్స్‌రేలో చూస్తూ వాటి పక్కన కొద్ది చుక్కల మత్తుమందు వేసి, నొప్పి పోతుందో లేదో చూడటమే ఈ పరీక్ష. ఆ కొమ్మలు కీలుకూ వీపులోని చిన్న కండరాలకూ వెళ్తాయి తప్ప కాళ్లను కదిలించవు. కాల్చే ముందు కూడా సన్నని విద్యుత్తు పంపి, కాలు కదలడం లేదని రూఢి చేసుకుంటారు. అందుచేత మీ ఆడపడుచు భయం నిజం కావడం చాలా అరుదు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే తప్పక చెప్పండి. స్టెరాయిడ్ కలిపితే షుగరు కొన్ని రోజులు పెరుగుతుంది.

రేడియోఫ్రీక్వెన్సీ అనే విద్యుత్ తరంగాలతో సుమారు 80 డిగ్రీల వేడిలో నరపు కొమ్మను కాలుస్తారు. కుదిరిన వారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా ఉపశమనం ఉంటుంది. నరం మళ్లీ పెరుగుతుంది కనుక నొప్పి తిరిగి రావచ్చు. అందరికీ కుదరదనీ చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 251 మంది ఫాసెట్ నొప్పి రోగుల మీద జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో, వ్యాయామానికి ఈ చికిత్స జోడించినందువల్ల చెప్పుకోదగ్గ అదనపు మేలు కనబడలేదు. రోగులను ఎంచిన తీరు సరిగా లేదని కొందరు నిపుణులు దాన్ని తప్పుపట్టారు. నా మటుకు నేను, మూడు నెలల వ్యాయామం ఫలించక, మత్తు పరీక్ష రెండుసార్లు చేసినా రెండుసార్లూ నొప్పి బాగా తగ్గినప్పుడే కాల్చమంటాను.

పరీక్ష రోజున ఇంటికి వెళ్లి పడుకోకండి. మత్తు ఉన్న ఆ కొద్ది గంటల్లోనే పెనం ముందు నిలబడి, పక్కకు తిరిగి, నొప్పి తెప్పించే కదలికలన్నీ నెమ్మదిగా చేసి, గంట గంటకూ నొప్పికి పదికి ఎన్ని మార్కులో కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.