టైపులు రాసినా కనబడవెందుకు?

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ యార్డు పత్తి, మిర్చి ధరలు లెక్కగట్టే పైథాన్ లైబ్రరీ మాది. కొన్ని ఫంక్షన్లకు టైప్ హింట్స్ (ఏ విలువ ఏ రకమో చెప్పే గుర్తులు) రాసి, వాటిని తనిఖీ చేసే మైపై నడిపితే తప్పేమీ చూపలేదు. లైబ్రరీ వాడేవాళ్లేమో తమకు టైపులే కనబడటం లేదంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: టైపులు రాయని ఫంక్షన్ లోపలి కోడ్‌ను మైపై మామూలుగా చూడనే చూడదు. సెట్టింగుల్లో ‘చెక్ అన్‌టైప్డ్ డెఫ్స్’ ఆన్ చేసి మళ్లీ నడపండి, అసలు చిట్టా అప్పుడు బయటపడుతుంది.

వాడేవాళ్ల ఇబ్బందికి కారణం వేరు. పైథాన్ ప్రామాణిక పత్రం పెప్ 561 ప్రకారం ప్యాకేజీ ఫోల్డర్లో ‘పై డాట్ టైప్డ్’ అనే ఖాళీ ఫైలు ఉండాలి. ప్యాకేజీ తయారీకి సెటప్‌టూల్స్ వాడుతుంటే దాని పేరును ప్యాకేజీ డేటాలో కూడా చేర్చండి. చాలామంది ఇక్కడే మరిచిపోతారు. విడుదల చేసే వీల్ ఫైలు కూడా జిప్పే, ముందే విప్పి ఆ ఖాళీ ఫైలు అందులో ఉందో లేదో చూసుకోండి.

మీ ఇతర ఫైళ్లను దేన్నీ ఇంపోర్ట్ చేసుకోని ఫైళ్లతో పని మొదలుపెట్టండి. పూర్తయిన ఫైలుకు, టైపులు లేని ఫంక్షన్లను ఒప్పుకోని ‘డిసలౌ అన్‌టైప్డ్ డెఫ్స్’ సెట్టింగు పెట్టేయండి. కఠిన తనిఖీలను ఒకేసారి ఆన్ చేసే ‘స్ట్రిక్ట్’ మాత్రం ఫైలువారీగా కుదరదు.

అసలు కష్టం, విలువ లేదని చెప్పే ‘నన్’ దగ్గర వస్తుంది. యార్డు సెలవు రోజున ధర అడిగితే మీ ఫంక్షన్ నన్ ఇస్తుందనుకుందాం. రిటర్న్ టైపు ఉత్త ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అని రాస్తే అది అబద్ధం. ఫ్లోట్, నన్ రెండూ రాసి మధ్యలో నిలువు గీత పెట్టాలి. ఈ పద్ధతి పైథాన్ 3.10 నుంచే ఉంది, అంతకన్నా పాత వెర్షన్లకు ‘ఆప్షనల్’ వాడండి. అప్పుడిక ధరను క్వింటాళ్లతో గుణించే ప్రతిచోటా మైపై ఎర్రర్ చూపిస్తుంది. విసుగొచ్చి, ఏ టైపైనా సరే అనే ‘ఎనీ’ పెట్టొద్దు, ఆ విలువ ఎక్కడికి పోతే అక్కడ తనిఖీ ఆగిపోతుంది. గుణించే ముందు నన్ అవునో కాదో చూసుకోవడమే సరైన దారి. నన్‌కు బదులు ఎర్రర్ రేజ్ చేయాలనిపించవచ్చు. కానీ దాంతో పాత వాడకందార్ల కోడ్ ఆగిపోతుంది. టైపులు చేర్చే విడుదలలో ఫంక్షన్ల తీరు మార్చనే వద్దు.

చదవడానికే తీసుకునే జాబితాలకు ‘లిస్ట్’ బదులు ‘సీక్వెన్స్’ రాయండి. ఇంట్ (పూర్ణాంకాల) లిస్టును ఫ్లోట్ లిస్టు అడిగేచోట ఇస్తే మైపై ఒప్పుకోదు, సీక్వెన్స్ అయితే ఒప్పుకుంటుంది. ఒక చిక్కుంది: స్ట్రింగ్ (అక్షరాల వరుస) కూడా స్ట్రింగుల సీక్వెన్సే. పంటల జాబితా ఇవ్వాల్సిన చోట ఎవరైనా ఉత్త ‘పత్తి’ అని ఇస్తే మైపై ఏమీ అనదు, లూప్ ఆ మాటను ఒత్తు, గుడి విడివిడిగా లెక్కించి ఐదు ముక్కలుగా తిప్పుతుంది. అలాంటి ఫంక్షన్ మొదట్లోనే ఇచ్చింది స్ట్రింగా అని ‘ఈజ్ ఇన్‌స్టెన్స్’తో చూసి, అయితే టైప్ ఎర్రర్ ఇవ్వండి.