సీఎస్‌ఆర్ ఖర్చు జకాత్‌లో తగ్గుతుందా? (సమాధానం)

మీ కంపెనీ సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద బోరుబావికి పెట్టిన ఖర్చును మీ జకాత్‌లో (ముస్లింలు తమ ఆస్తిలోంచి ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) తగ్గించుకోవచ్చా అని అడిగారు. మీ లెక్క కుదరకపోవడానికి కారణం, లాభం మీద పడేదాన్నీ ఆస్తి మీద పడేదాన్నీ ఒకే పద్దులో వేయడం. కంపెనీ బోరుబావికి పెట్టిన సీఎస్‌ఆర్ సొమ్మును మీ జకాత్‌లో తగ్గించుకోలేరు.

1. సీఎస్‌ఆర్ కంపెనీ బాధ్యత. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం గత 3 ఏళ్ల సగటు నికర లాభంలో 2 శాతం.

2. జకాత్ మీ బాధ్యత. మీ వాటాకు వచ్చే నగదు, అమ్మకపు సరుకు, రావలసిన బాకీలు కలిపి, కట్టాల్సిన అప్పులు తీసేయండి. నిసాబ్ (జకాత్ తప్పనిసరి అయ్యే కనీస ఆస్తి) దాటితే చాంద్రమాన ఏడాదికి 2.5 శాతం. మిషన్లు, బిల్డింగు లెక్కలోకి రావు.

3. చాలామంది వదిలేసేది తమ్లీక్, అంటే సొంతం చేసి ఇవ్వడం. హనఫీ (ఇస్లామీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) పద్ధతిలో జకాత్ అర్హుల చేతికి, వాళ్ల సొంతమయ్యేలా చేరాలి. ఆ అర్హుల 8 వర్గాలు ఖురాన్‌లోని తౌబా సూరా (అధ్యాయం) 60వ ఆయత్‌లో (వాక్యంలో) ఉన్నాయి. బోరుబావి ఏ ఒక్కరి సొంతమూ కాదు, డబ్బున్నవాళ్లూ అక్కడ బిందె నింపుకుంటారు. అదే మీ సొంత జకాత్ సొమ్ముతో నిరుపేద వితంతువుకు కుట్టుమిషను కొని ఆమెకే ఇచ్చేస్తే చెల్లుతుంది. ఇచ్చేటప్పుడో, విడిగా తీసిపెట్టేటప్పుడో జకాత్ అన్న నియ్యత్ (సంకల్పం) ఉండాలి. మార్చి నెలాఖరున పద్దు పేరు మారిస్తే కుదరదు.

4. బ్యాంకు వడ్డీతో జకాత్ కట్టకండి.

బోరుబావి గురించి టెన్షన్ పడకండి. మంచి నియ్యత్‌తో వేయించారు కాబట్టి అది సదకా జారియా (పుణ్యం కొనసాగుతూ ఉండే దానం) అవుతుందని ఆశించవచ్చు.