రైఫిల్ గుళ్లు పైకి ఎక్కుతుంటే ముందు స్టాక్ చూడు

తమ్ముడూ, వంద గజాల్లో మొదటి మూడు గుళ్లు అంగుళం లోపే పడి, బ్యారెల్ వేడెక్కాక నాలుగోదీ ఐదోదీ పైకి ఎక్కుతున్నాయన్నావు. కొత్త బ్యారెల్‌కి అప్పుడే డబ్బు పెట్టకు. చెక్క స్టాక్ (బ్యారెల్ కూర్చునే, భుజానికి ఆనించే చట్రం) ఉన్న .308 రైఫిల్‌లో ఇలా అయితే నా అనుమానం ముందు స్టాక్ మీదే.

ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకో. బ్యారెల్‌కీ స్టాక్‌కీ మధ్య కాగితం దూర్చి, స్టాక్ ముందు కొస నుంచి వెనక్కి లాగు. ఎక్కడ ఆగితే అక్కడ చెక్క తాకుతోంది. బ్యారెల్ వేడెక్కేకొద్దీ ఆ చోటే దాన్ని నెడుతుంది. గరుకు కాగితంతో కొద్దికొద్దిగా అరగదియ్యి. బయటపడ్డ చెక్కకి వార్నిష్ తప్పనిసరి, లేకపోతే మీ హ్యూస్టన్ తేమకి మళ్లీ ఉబ్బుతుంది. కొన్ని రైఫిళ్లలో కొస దగ్గర ఒత్తిడి కావాలనే పెడతారు, అది తీసేముందు మాన్యువల్ చూడు.

తర్వాత రైఫిల్ నిలబెట్టి, స్టాక్ కొసన బ్యారెల్ కలిసే చోట వేలు ఆనించి, యాక్షన్‌ని (బోల్టు ఉండే లోహపు భాగం) స్టాక్‌కి బిగించే ముందువైపు స్క్రూ మెల్లగా వదులు చెయ్యి. వేలికి కదలిక తెలిసిందా, యాక్షన్ వంగి బిగిసి ఉన్నట్టే. అప్పుడు ఎపాక్సీ బెడ్డింగ్ (యాక్షన్ సరిగ్గా కూర్చునేలా దాని కింద ఎపాక్సీ జిగురు వేయడం) చేయించు. సొంతంగా చేస్తే లోహానికి రిలీజ్ ఏజెంట్ (జిగురు అంటుకోకుండా ఆపే పూత) పూయడం మాత్రం మర్చిపోకు, లేకపోతే యాక్షన్ మళ్లీ ఊడిరాదు.