ప్రశ్న మీది, జవాబు మాది: విగ్రహం ఒక ఏడాదిది, దాని అర్థం ఇంకో ఏడాదిది

అమెరికా సంస్కృతి, చరిత్ర, జాతీయ గుర్తింపు మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఐదింటికి ఈ నెల జవాబులు.

ఎం.ఏ. ప్రాజెక్టుకి ‘అమెరికన్ సంస్కృతి, జాతీయ గుర్తింపు’ అని అంశం రాసిచ్చాను. ‘ఇంత పెద్దది మోయలేవమ్మా, తగ్గించు’ అన్నారు మా గైడు గారు. ఎక్కడ తగ్గించాలో తెలియడం లేదు. పుస్తకాలు కూడా ఇక్కడ అంతగా దొరకవు.
— విద్యార్థిని, ఎచ్చెర్ల

మీ గైడు గారు సరిగ్గా చెప్పారు. ఒక దేశం గుర్తింపు మొత్తం అరవై పేజీల్లో పట్టదు. విగ్రహమో, పండగో, ప్రతిజ్ఞో, జనగణన ఫారమో ఏదో ఒక్కటి తీసుకోండి. దాన్ని ఎవరు, ఏ ఏడాది, ఎవరి డబ్బుతో పెట్టారో, తర్వాత దాని అర్థాన్ని ఎవరు మార్చారో వెతకండి. జాతీయ గుర్తింపు ఆకాశం నుంచి ఊడిపడదు. చట్టాలు, చందాలు, పాఠశాలలు, శంకుస్థాపనలు కలిసి దాన్ని తయారు చేస్తాయి. వీటన్నిటికీ తేదీలుంటాయి.

స్వేచ్ఛా విగ్రహాన్నే తీసుకోండి. వలస వచ్చేవాళ్లకు స్వాగతం చెప్పడానికే దాన్ని నిలబెట్టారని చాలామంది రాస్తారు. కాగితం మీద మూడు గడులు గీసి, ఏడాది, జరిగిన పని, చేసినవాళ్లు అని పేర్లు పెట్టి నింపుతూ పోతే ఆ మాట నిలవదు. ఆలోచన ఫ్రాన్సుకు చెందిన న్యాయ పండితుడు ఎడ్వార్డ్ లాబూలే అనే ఆయనది. ఆయన బానిసత్వాన్ని వ్యతిరేకించిన మనిషి. విగ్రహం కాళ్ల దగ్గర తెగిన గొలుసు ఉన్నది అందుకే. కింద నుంచి చూస్తే ఆ గొలుసు సరిగ్గా కనబడదు. చేతిలోని పలక మీద ఉన్నది 1776 జూలై 4, స్వాతంత్ర్య ప్రకటన తేదీ. విగ్రహం ఖర్చు ఫ్రెంచివాళ్లది, దిమ్మె ఖర్చు అమెరికన్లది. దిమ్మెకు డబ్బు చాలకపోతే 1885లో జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో పిలుపిచ్చి లక్ష డాలర్లకు పైగా పోగుచేశాడు. అందులో ఎక్కువ భాగం డాలరు లోపు చందాలే. 1886 అక్టోబర్ 28న ఆవిష్కరణ జరిగింది. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1882లో, చైనా కూలీలను దేశంలోకి రానివ్వకుండా చట్టం వచ్చింది.

మరి వలసల అర్థం ఎప్పుడొచ్చింది? విగ్రహాన్ని వలస వచ్చేవాళ్లకు స్వాగతం చెప్పే తల్లిగా చూపిన కవితను కవయిత్రి ఎమ్మా లాజరస్ రాసింది 1883లో, దిమ్మె నిధుల కోసమే. ఆవిష్కరణ నాడు దాన్ని ఎవరూ చదవలేదు. ఆమె 1887లో చనిపోయింది. ఎల్లిస్ దీవిలో వలస కేంద్రం తెరిచింది 1892లో. కవిత ఉన్న కంచు ఫలకాన్ని దిమ్మె లోపల పెట్టింది 1903లో. 1965 అక్టోబర్ 3న అధ్యక్షుడు జాన్సన్ దేశాలవారీ కోటాలను రద్దు చేసే వలస చట్టం మీద ఈ విగ్రహం దగ్గరే సంతకం పెట్టాడు. మన జిల్లాల నుంచి ఇంజనీర్లు, డాక్టర్లు వెళ్లిన దారి ఆ సంతకంతో తెరుచుకున్నదే. 1886, 1903, 1965 అని మూడు అధ్యాయాలు పెట్టుకుంటే మీ ప్రాజెక్టు ఒడ్డున పడుతుంది.

పుస్తకాల గురించి బెంగ వద్దు. అమెరికా జాతీయ గ్రంథాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, పాత పత్రికలను ‘క్రానిక్లింగ్ అమెరికా’ పేరుతో ఉచితంగా చదవనిస్తుంది. 1886 అక్టోబర్ 25 నుంచి నవంబర్ 30 వరకు తేదీలు పెట్టి వెతకండి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇప్పటి పేరుతో వెతికి, ఏమీ లేదని వదిలేస్తారు. అప్పటి పత్రికలు శిల్పి పేరు మీద ‘బార్తోల్డి విగ్రహం’ అని కూడా రాసేవి. ఆ పేరుతో కూడా వెతికితే వార్తలు బయటపడతాయి. మసకగా ఉన్న అచ్చును యంత్రం తప్పు చదువుతుంది కాబట్టి ఒకటి రెండు అక్షరాలు మార్చి కూడా ప్రయత్నించండి. పొగడ్తలు మాత్రమే తీసుకోకండి. ఆవిష్కరణ నాడు ఓటు హక్కు కోరే స్త్రీలు పడవ కట్టుకుని వచ్చి నిరసన తెలిపారు. దక్షిణాదిలో నల్లవాళ్లకు నిజమైన స్వేచ్ఛ వచ్చేదాకా ఆ దివిటీ వెలిగించొద్దని నల్లజాతి పత్రిక ‘క్లీవ్‌లాండ్ గెజెట్’ రాసింది. అలాంటి రెండు ఆధారాలుంటే ప్రాజెక్టుకు వెన్నెముక దొరికినట్టే.

ఒక హెచ్చరిక. నాలుగు నవలలు చదివి ‘అమెరికన్లు ఇలా ఆలోచిస్తారు’ అని తేల్చేయకండి. అమెరికన్ స్టడీస్ అనే ఈ శాస్త్రం మొదట్లో చేసిన పనే అది. 1950లో హెన్రీ నాష్ స్మిత్, ఆయన తర్వాత మరికొందరు పుస్తకాల్లోని పురాణాలు, ప్రతీకల నుంచి దేశం మనసును చదవబోయారు. నలుగురు రచయితల ఊహ కోట్ల మంది ఊహ ఎలా అవుతుందని 1972లో బ్రూస్ కుక్లిక్ నిలదీశాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ నిలబడే ఉంది, వైవాలో మీకూ ఎదురవుతుంది.

ఈ పద్ధతి పక్క ఊళ్లో సరిచూసుకోవచ్చు. బొబ్బిలి యుద్ధం జరిగింది 1757 జనవరిలో. దాని జ్ఞాపకంగా నిలిపిన స్తంభం పందొమ్మిదో శతాబ్దం చివరిది. మధ్యలో నాలుగైదు తరాలు గడిచాయి. ఆ స్తంభం యుద్ధం గురించి ఎంత చెబుతుందో, నిలిపిన కాలం గురించీ అంతే చెబుతుంది.

సరిహద్దు సిద్ధాంతం, మెల్టింగ్ పాట్ – ఈ రెండూ ఇంటర్వ్యూల్లో తరచూ అడుగుతున్నారు. క్లుప్తంగా, తప్పులేకుండా ఎలా చెప్పాలి?
— అధ్యాపక ఉద్యోగార్థి, విజయనగరం

సరిహద్దు సిద్ధాంతం చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్‌ది. 1893 జూలైలో షికాగోలో చదివిన వ్యాసం. పడమటికి జరుగుతూ పోయిన సరిహద్దులో ఖాళీ నేలను సాగు చేస్తూనే అమెరికన్‌కు స్వతంత్ర బుద్ధి, ప్రజాస్వామ్యం అబ్బాయన్నాడు. అలాంటి సరిహద్దు రేఖ ఇక గీయలేమని 1890 జనగణన చెప్పిన మాటను ఆధారం చేసుకున్నాడు. అదే 1890 డిసెంబర్ 29న ఊండెడ్ నీ అనే చోట లకోటా ఆదివాసీ ప్రజలను సైన్యం ఊచకోత కోసింది. ఆ ‘ఖాళీ నేల’ ఎవరిదన్న ప్రశ్న అక్కడే ఉంది. టర్నర్‌ని ఒప్పజెప్పి ఆగిపోతే తర్వాతి ప్రశ్న దగ్గర దొరికిపోతారు.

మెల్టింగ్ పాట్ అంటే వలస వచ్చినవాళ్లంతా కరిగి ఒకే జాతిగా కలిసిపోయే గుండిగ. ఆ మాటను జనం నోట పెట్టింది 1908 నాటి ఇజ్రాయెల్ జాంగ్విల్ నాటకం. 1915లో హొరేస్ కాలెన్ దాన్ని కాదన్నాడు, ఎవరి సంస్కృతి వాళ్లు నిలుపుకుంటూనే ఒక దేశంగా ఉండొచ్చన్నాడు. ఇంతవరకు గైడ్లలో ఉంటుంది. ఉండనిది ఇది: ఫోర్డ్ కంపెనీ 1914లో తన వలస కార్మికులకు ఇంగ్లీషు బడి పెట్టింది. అక్కడి పట్టా వేడుకలో వేదిక మీద పెద్ద గుండిగ ఉండేది. కార్మికులు ఓడ దిగుతున్నట్టు తమ తమ దేశాల దుస్తుల్లో, చేతి మూటలతో వచ్చి అందులోకి దిగేవారు. మాస్టార్లు పొడవాటి గరిటెలతో కలియబెట్టేవారు. బయటికి వచ్చేటప్పటికి అందరి ఒంటి మీదా ఒకే తీరు సూటు, చేతిలో చిన్న జెండా. ఆ కంపెనీ రోజుకు ఐదు డాలర్ల కూలీ ఇచ్చేది కూడా అప్పుడే. అది అందాలంటే కంపెనీ తనిఖీదార్లు ఇంటికొచ్చి శుభ్రత, పొదుపు, తాగుడు చూసి సరే అనాలి. కరిగిపోవడం వెనక ఎంత ఒత్తిడి ఉందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఇంటర్వ్యూలో దీన్ని తప్పకుండా వాడండి.

మా మనవడు టెక్సాస్‌లో మూడో తరగతి. రోజూ ఉదయం జెండాకి ఎదురుగా గుండె మీద చెయ్యేసి ఏదో చెప్పిస్తారట. ‘అది అనకపోతే తప్పా మామ్మా’ అని ఫోన్లో అడిగాడు. ఏమని చెప్పను బాబూ?
— గృహిణి, సోంపేట

అమ్మా, అది వాళ్ల ప్రతిజ్ఞ. కొలంబస్ వెళ్లి 400 ఏళ్లయిన సందర్భంలో, 1892లో ఫ్రాన్సిస్ బెల్లమీ రాశాడు. దేవుడి ప్రస్తావన అందులో మొదట లేదు, 1954లో చేర్చారు. చెయ్యి గుండె మీద పెట్టడం కూడా మొదటి నుంచి లేదు. అంతకుముందు చెయ్యి ముందుకు చాచేవారు. అది నాజీల వందనంలా ఉందని 1942లో మార్చారు.

చెప్పకపోతే శిక్షించే అధికారం ప్రభుత్వ బడికి లేదు. యెహోవాసాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబాల పిల్లలు వేసిన కేసులో 1943 జూన్ 14న అమెరికా సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. మూడేళ్ల ముందు అదే కోర్టు దీనికి పూర్తిగా వ్యతిరేక తీర్పు ఇచ్చింది. టెక్సాస్‌లో రాష్ట్ర చట్టం ప్రకారం దేశం ప్రతిజ్ఞతో పాటు టెక్సాస్ రాష్ట్ర ప్రతిజ్ఞ కూడా చెప్పిస్తారు. వద్దనుకుంటే తల్లో తండ్రో బడికి రాతపూర్వకంగా చెప్పాలి. నోటిమాట చాలదు, బాబు చేత చెప్పించడం అసలు చాలదు. చెప్పడం ఇష్టమైతే హాయిగా చెప్పమనండి, అదీ తప్పు కాదు.

మన దగ్గరా ఇలాంటి కేసు ఉంది. కేరళలో జాతీయ గీతం పాడకుండా గౌరవంగా నిలబడిన ముగ్గురు పిల్లలను బడి నుంచి పంపేస్తే, 1986లో మన సుప్రీంకోర్టు వెనక్కి తీసుకోమంది. మనవడికి ఇంకోటి కూడా చెప్పండి. మన బడుల్లో పిల్లలు చెప్పే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞను 1962లో మన పక్కనే విశాఖపట్నంలో, తెలుగులో, ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు రాశారు.

అమెరికా ఆదివాసీ పిల్లల వసతి బడుల గురించి హైస్కూలు పిల్లలకు ఒక పాఠం చెప్పాలనుకుంటున్నాను. మా తరగతిలో సవర పిల్లలు ఎక్కువ. ఎలా మొదలుపెట్టాలి?
— ఉపాధ్యాయురాలు, మెళియాపుట్టి

రెండు ఫొటోలతో మొదలుపెట్టండి. టామ్ టార్లినో అనే నవాహో తెగ యువకుడివి. పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడిలో 1882లో చేరినప్పుడు తీసింది ఒకటి, 1885లో తీసింది ఇంకొకటి. కార్లైల్ రికార్డులను డికిన్సన్ కాలేజీ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది, ఫొటోలు అక్కడ దొరుకుతాయి. ఏ4 కాగితాల మీద పెద్దగా ప్రింటు తీసి పక్కపక్కన పెట్టండి. కింద రాసిన వివరాలను మాత్రం ముందు మడిచేయండి. అవి కనిపిస్తే పిల్లలు ‘అనాగరికుడు బాగుపడ్డాడు’ అన్న బడివాళ్ల కథనే తిరిగి చెబుతారు.

మొదట పది నిమిషాలు ఏం మారిందో మాత్రమే రాయించండి. పొడవాటి జుట్టు పోయింది. చెవి పోగులు, మెడలో హారం పోయాయి. దుప్పటి స్థానంలో కోటు, టై వచ్చాయి. తర్వాత ముఖం రంగు చూడమనండి. రెండో ఫొటోలో తెల్లబడినట్టుంటుంది. మూడేళ్లలో మనిషి రంగు అంతగా మారదు, దీపాల వెలుగు, కెమెరా పనితనం మారుస్తాయి. పిల్లలు ఇది తమంతట తాము కనిపెట్టాలి, మీరు ముందుగా చెప్పేయకండి. ఆ తర్వాత ఈ ఫొటోలు ఎవరు తీయించారు, ఎవరికి చూపించడానికి అని అడగండి. నిధులిచ్చేవాళ్లకు, జనానికి బడి విజయం చూపించడానికి ఇలాంటి జతలు పంచారు.

అప్పుడు చరిత్ర చెప్పండి. కార్లైల్ 1879 నుంచి 1918 దాకా నడిచింది. పెట్టింది రిచర్డ్ హెన్రీ ప్రాట్ అనే సైనికాధికారి. పిల్లవాడిలోని ఆదివాసీని చంపి మనిషిని కాపాడాలన్నది ఆయన సిద్ధాంతం, 1892లో బాహాటంగానే అన్నాడు. సొంత భాష మాట్లాడితే శిక్ష. అలాంటి బడులు దేశమంతటా 400కు పైగా నడిచాయని అమెరికా ప్రభుత్వమే 2022లో లెక్క తేల్చింది. ఆదివాసులందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో. అప్పటికి కార్లైల్ మూతపడి ఆరేళ్లు.

పాఠాన్ని ఏడుపు దగ్గర ఆపకండి. మీ ఎదురుగా ఉన్నది సవర పిల్లలు, ఓడిపోయిన కథ ఒక్కటే విని ఇంటికి వెళ్లకూడదు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నుంచి, అమెరికా మెరైన్ దళం రహస్య సందేశాలకు వాడింది నవాహో భాషనే, జపాన్ దాన్ని ఛేదించలేకపోయింది. బడుల్లో నిషేధించిన భాషను అదే ప్రభుత్వం వచ్చి అడిగింది. దీని పక్కన గిడుగు రామమూర్తి పంతులు గారిని పెట్టండి. ఆయన సవర నేర్చుకుని, సవరలోనే వాచకాలు తయారుచేసి, ఆ పిల్లలకు బడులు నడిపారు. రెండు దేశాలు, రెండు రకాల బడులు. తేడా ఏమిటో పిల్లలు వాళ్ల భాషలోనే రాస్తే ఇంకా మంచిది.

అమెరికా జనగణనలో మనవాళ్లని ఏ జాతి కింద రాస్తారు? నూరేళ్ల కిందట వెళ్లినవాళ్ల వివరాలు వెతకొచ్చా?
— పాఠకుడు, రాజాం

1920, 1930, 1940 జనగణనల్లో జాతి గడిలో ‘హిందూ’ అని రాశారు. అప్పట్లో వెళ్లినవాళ్లలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు, అయినా రాసింది అదే. 1790 చట్టం పౌరసత్వాన్ని ‘స్వేచ్ఛగల తెల్లవారికి’ మాత్రమే ఇచ్చింది కాబట్టి ఆ గడికి చాలా విలువ ఉండేది. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవారు కారని సుప్రీంకోర్టు తేల్చడంతో, అప్పటికే పౌరసత్వం వచ్చిన కొందరికి అది రద్దయింది. 1946లో మళ్లీ అర్హత వచ్చింది, వలసకు మాత్రం ఏడాదికి వందమంది కోటా. 1970లో మనవాళ్లని తెల్లవారిలో కలిపి లెక్కేశారు. ‘ఏషియన్ ఇండియన్’ అన్న గడి 1980లో వచ్చింది.

వెతకడానికి జనగణన కాగితాలు 72 ఏళ్ల తర్వాతే బయటికొస్తాయి. 1950వి 2022 ఏప్రిల్‌లో వచ్చాయి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ సైటులో 1950 కాగితాలను పేరు, రాష్ట్రం, కౌంటీ ఇచ్చి డబ్బు కట్టకుండా వెతకొచ్చు. పేర్లను లెక్కలవాళ్లు చెవికి వినబడ్డట్టు రాసుకున్నారు. అందుకే ఇంటిపేరును మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో ప్రయత్నించండి. దొరక్కపోతే పేరు వదిలేసి, జన్మస్థలం ‘ఇండియా’ అని రాసిన వరుసల కోసం ఆ కౌంటీ పేజీలను ఒక్కొక్కటిగా తిరగేయండి. 1960 కాగితాల కోసం 2032 దాకా ఆగాలి.