సంతకం అక్కది, చదువు నీది

ప్రశ్న: మాది మిర్యాలగూడ. హైదరాబాద్ శివార్లలో బీటెక్ ఈసీఈ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. బ్యాక్‌లాగులు లేవు. క్యాంపస్‌లో ఏడాదికి మూడున్నర లక్షల ఉద్యోగం వచ్చింది. ఫ్రెండ్స్ చాలామంది అమెరికాకు ఎంఎస్‌కి వెళ్తున్నారు. నాకూ ఒక యూనివర్సిటీలో సీటు వచ్చింది. 40 లక్షల లోన్ కావాలి. నాన్న రైస్‌మిల్లులో గుమస్తా, ఆయన ఆదాయం మీద లోన్ రాదట. అక్క ఇదివరకు ప్రైవేటు స్కూల్లో చేస్తూ, సాయంత్రాలు ట్యూషన్లు చెబుతూ నా ఫీజులు కట్టింది. 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. తను కో-అప్లికెంట్‌గా సంతకం పెడితే తాకట్టు లేకుండానే లోన్ ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. నాన్న సరేనన్నారు. అక్క ఏమీ అనదు. పోయినేడు తనకొచ్చిన సంబంధం కూడా నా చదువు కోసమే ఆపారు. ఉద్యోగంలో చేరితే గ్యాప్ వచ్చి మళ్లీ ఎంఎస్‌కి వెళ్లలేనేమోనని భయంగా ఉంది. ఉద్యోగమా, ఎంఎస్సా? తేల్చుకోలేక నిద్ర పట్టడం లేదు.
– ఓ విద్యార్థి

జవాబు: బాబూ, నువ్వడిగినదానికి జవాబు చిన్నది. ఉద్యోగంలో చేరు. పని చేసిన కాలాన్ని ఎవరూ గ్యాప్ అనరు. అక్కడి యూనివర్సిటీలకు రాసే జీఆర్‌ఈ పరీక్ష స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. వచ్చిన సీటును వచ్చే ఏడాదికి మార్చుకోనిచ్చే యూనివర్సిటీలు కూడా ఉన్నాయి, ఒక మెయిల్ పెట్టి అడుగు. దీని కోసం నిద్ర మానుకోనక్కర్లేదు.

నీ ఉత్తరంలో నన్ను కదిలించింది ఆ ప్రశ్న కాదు. ‘అక్క ఏమీ అనదు’ అని రాశావే, అది. నాన్న ఏమన్నారో రాశావు. కన్సల్టెన్సీ వాళ్లు ఏం చెప్పారో, ఫ్రెండ్స్ ఎక్కడికి వెళ్తున్నారో రాశావు. అక్కను మాత్రం ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. అడగనిదే ఆ పిల్ల ఏమంటుంది? పోయినేడు వచ్చిన సంబంధం ఆపారన్నావు. ఆపింది ఆమేనా, మీ ఇంట్లోవాళ్లా? అది నీకు తెలుసా?

నాకు ఉత్తరాలు రాసేవాళ్ల ఇళ్లలో తరచూ చూస్తున్నదే ఇది. సంపాదించే ఆడపిల్ల పెళ్లి ఇంట్లో ఎవరికీ తొందరగా గుర్తుకు రాదు. ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఈ ఏడు ఫీజు, వచ్చే ఏడు ఇంటి రిపేరు, ఆపై ఇంకేదో. ఆమె జీతం అందరికీ అలవాటైపోతుంది. ‘మా పెద్దది బంగారం’ అని చుట్టాల దగ్గర మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలుతో ఆమె నోరు ఇంకా గట్టిగా మూతపడుతుంది.

తమ్ముడి చదువుకు అక్క సాయం చేయడం మన ఇళ్లలో కొత్త కాదు, తప్పు అంతకన్నా కాదు. కానీ ఆ బాధ్యత ఎక్కడో ఒకచోట తీరిపోవాలి. నీ బీటెక్ పూర్తయిన రోజుతో మీ అక్క బాధ్యత తీరిపోతుందని నేను నమ్ముతాను. ఎంఎస్ నీ కోరిక. మంచి కోరికే. దాని ఖర్చు నీది.

కో-అప్లికెంట్ అంటే ఏమిటో కన్సల్టెన్సీ వాళ్లు నీకు వివరంగా చెప్పి ఉండరు. అది సాక్షి సంతకం కాదు. అప్పు నీది ఎంతో ఆమెదీ అంతే. తాకట్టు లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు చాలావరకు చదువు నడుస్తుండగానే నెలనెలా వడ్డీలో కొంతో, మొత్తమో కట్టమంటాయి. 11 శాతం అనుకున్నా, 40 లక్షల మీద వడ్డీ ఒక్కటే నెలకు 36 వేలు దాటుతుంది. తెలంగాణలో స్కూల్ అసిస్టెంట్ మూలవేతనం 42,300తో మొదలవుతుంది. డీఏ, హెచ్ఆర్ఏ కలుపుకున్నా, పూర్తి వడ్డీ కట్టాల్సివస్తే ఆమె చేతికొచ్చేదాంట్లో సగానికి పైగా దానికే పోతుంది. నువ్వు కట్టలేకపోయిన నెల ఫోన్లు ఆమెకే వస్తాయి, దెబ్బతినేది ఆమె సిబిల్ స్కోరు, అంటే అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కు. రేపు పెళ్లయి వాళ్లిద్దరూ ఇంటి లోన్‌కి వెళ్తే, ముందు నీ అప్పు లెక్కలోకి తీసుకుని ఆ తర్వాతే ఎంతిస్తారో చెబుతారు. పెళ్లిచూపుల్లో ఈ సంగతి దాచిపెట్టలేరు, దాచిపెట్టకూడదు కూడా.

‘అమెరికా వెళ్లి సంపాదించి అక్క పెళ్లి ఘనంగా చేస్తాను’ అని నీ మనసులో ఉండొచ్చు. ఆ ఆలోచన మానుకో. కోర్సు రెండేళ్లు. ఆ తర్వాత అక్కడ పని చేసుకోవడానికి ఓపీటీ ఒక ఏడాది, మీ సబ్జెక్టులకు మరో రెండేళ్లు పొడిగింపు. ఆ లోపల ఉద్యోగం దొరకాలి, వీసా నిలవాలి, అప్పు తీరాలి. నీ లెక్కలన్నీ కుదిరేదాకా ఆమె వయసు ఆగదు. ఇంకో మాట, ఆమె పెళ్లికి నువ్వు పెద్దరికం చేయాల్సిన పనేమీ లేదు. తన జీతం తన చేతిలో ఉండనిస్తే తన పెళ్లి తను చేసుకోగలదు. వద్దనుకుంటే మానుకోగలదు కూడా.

చదువు ఆపమని నేననను. ఈసీఈ వాడివి, గేట్ రాయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ స్కోరుతో ఎన్ఐటీలోనో ఐఐటీలోనో ఎంటెక్ సీటొస్తే నెలకు 12,400 స్టైపెండ్ ఇస్తారు. ఎవరి సంతకం అక్కర్లేదు. అమెరికాకే వెళ్లాలంటే రెండేళ్లు పని చేసి, డబ్బు వెనకేసుకుని, ఫీజు తగ్గించే స్కాలర్‌షిప్ ఉన్న చోటికే వెళ్లు. అప్పుడూ అప్పు కావాలి, నిజమే. కానీ 40 లక్షలు వేరు, అందులో సగం వేరు.

ఇక పరీక్షలయ్యాక చేయాల్సినవి. మార్కుల మెమోలు, కన్సాలిడేటెడ్ మెమో, ప్రొవిజనల్, టీసీ అన్నీ చేతికి తీసుకుని స్కాన్ చేసుకో. ఒరిజినల్ డిగ్రీకి విడిగా అప్లై చేయాలి, మర్చిపోకు. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదనో, ఇంకేదో బకాయి అనో కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతుంటాయి. అలా ఆపితే అక్కకు ఫోన్ చేయకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టే పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. నువ్వే వెళ్లి రాతపూర్వకంగా అడుగు, అవసరమైతే యూనివర్సిటీకి రాయి. ఫలితాలొచ్చాక కూడా జాయినింగ్ తేదీకి కొన్ని నెలలు పట్టొచ్చు. అన్నాళ్లూ హైదరాబాద్‌లో హాస్టల్ తీసుకుని కూర్చోవద్దు. మిర్యాలగూడ వెళ్లి ఇంటర్ పిల్లలకు లెక్కలు, ఫిజిక్స్ చెప్పు. అక్క ట్యూషన్లు చెప్పే నీ ఫీజు కట్టింది. నీ హాస్టల్ అడ్వాన్సు నువ్వూ అలాగే సంపాదించుకోగలవు.

వీటన్నిటికంటే ముందు, ఈ ఆదివారమే ఇంటికి వెళ్లు. అమ్మానాన్నలు పక్కన లేనప్పుడు అక్కతో కూర్చో. లోన్ పేపర్ల మీద సంతకం అక్కర్లేదని ముందే చెప్పెయ్. అది చెప్పకుండా ‘నీకేం కావాలక్కా’ అని అడిగితే, ‘నీ చదువే కావాలిరా’ అంటుంది. తర్వాత ఆ సంబంధం గురించి అడుగు. తనకు నచ్చిందా, తనే వద్దనుకుందా, ఇంకా పై చదువేమైనా చదవాలని ఉందా? తను ఏం చెప్పినా మధ్యలో అడ్డుపడకు.

ఆ తర్వాత నాన్నతో నువ్వే మాట్లాడాలి. ఆయనకు కోపం రావచ్చు. కొడుకు అమెరికా వెళ్తాడని మిల్లులో ఈపాటికి అందరికీ చెప్పుకుని ఉంటారు. ‘అక్క ఒప్పుకోలేదు’ అని మాత్రం అనకు. ‘నేనే వద్దనుకున్నాను నాన్నా, ఉద్యోగంలో చేరుతున్నాను’ అని చెప్పు.